సైకిలుపై అపవాదు

“సైకిలా! అమ్మో, పిల్లవాడు పడితే?” అను మాట మేము తరచుగ వినుచుందుము. ఆ మాట అనిన పెద్దలే మరునాటి యుదయమున మోటారు సైకిలుపై ముందొకనిని, వెనుక నిద్దరిని కూర్చుండబెట్టుకొని బడికి గొనిపోవుచుందురు. అపాయమును మనము లెక్కనుబట్టి గాక అలవాటునుబట్టి తూచుచున్నామని దీనివలన తెలియుచున్నది.

ఇంటిలోనే మొదలుపెట్టుదము. ప్రపంచారోగ్య సంస్థ లెక్క ప్రకారము, జారిపడుట వలనను, ఎత్తునుండి పడుట వలనను ఏటేట సుమారు 6,84,000 మంది మరణించుచున్నారు. స్నానాల గదిలోని నాచు, పెరటి మెట్లపై తడి, అటకమీది బిందెను దించుటకు వేసికొన్న ఊగెడు ముక్కాలిపీట – ఇవి ఎవరికిని భయము గొల్పవు. తాటిచెట్లెక్కు గీతకార్మికుల మాట చెప్పనక్కరలేదు. వృద్ధులకు తుంటి యెముక విరిగినచో ఏమగునో చాల కుటుంబములకు తెలిసినదే. అయినను స్నానము మానుమని ఎవ్వరును చెప్పరు.

ఇక రోడ్డు సంగతి. మన దేశమున 2022లో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరి. అందు మోటారు ద్విచక్ర వాహనములవారు నూటికి 44 మందికి పైగా, పాదచారులు 19 మందికి పైగా, సైకిలువారు సుమారు ముగ్గురు.

ఈ అంకెలు చూచి సైకిలు నిరపాయమని తీర్మానించుట తొందరపాటగును. ఎక్కువమంది చేయు పనిలో ఎక్కువమంది దెబ్బతినుట సహజము గదా! కావున ఎంత దూరము పోయినచో ఎందరికి అపాయము కలుగుచున్నదని చూడవలెను. బ్రిటనులో ప్రభుత్వమువారు ఈ విధముగ లెక్క కట్టుచున్నారు. అచ్చట దూరమునుబట్టి చూచినచో నడచువానికిని, సైకిలు త్రొక్కువానికిని ప్రాణాపాయము ఇంచుమించు సమానము. మోటారు సైకిలువానికి అంతకు మూడింతలైనను ఉండును. కారులో కూర్చున్నవానికి మాత్రము మిక్కిలి తక్కువ. మన రోడ్లు బ్రిటను రోడ్లు కావు, నిజమే. కాని నడకకు వెరవని వారు సైకిలుకు వెరచుట యేమి న్యాయము?

దూరమునకు బదులు కాలమును కొలతగా గైకొనినచో లెక్క మారును. గంటలో నడచువాడు 5 కిలోమీటర్లు పోవును, సైకిలువాడు 15 కిలోమీటర్లు పోవును. కావున గంటకు గంట చొప్పున సైకిలే ఎక్కువ అపాయకరము. రెండు లెక్కలును సరియైనవే. అయితే బడి మూడు కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. నడచినను, త్రొక్కినను ఆ మూడు కిలోమీటర్లును గడువవలసినదే గనుక, దూరపు లెక్కయే ఇంటివారికి పనికివచ్చునని మా అభిప్రాయము.

లాభమును కూడ తక్కెడలో వేయవలెను. చిన్న ప్రయాణములకు కారు మాని సైకిలు పట్టినవారికి ప్రమాదముల వలన ఆయుర్దాయము సగటున 5 మొదలు 9 దినములు తగ్గుననియు, వ్యాయామము వలన 3 మొదలు 14 నెలలు పెరుగుననియు 2010లో హాలండు పరిశోధకులు అంచనా వేసిరి. బీహారు ప్రభుత్వము 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్ళ పథకము ప్రారంభింపగా, అచ్చట చేరు బాలికల సంఖ్య సుమారు మూడవవంతు పెరిగినదని తరువాతి పరిశీలనలో తేలినది. బడి దూరమని ఆడపిల్ల చదువు మాన్పించుటయు ఒక గాయమే. అది ఆసుపత్రి లెక్కలలోనికి ఎక్కదు, అంతే.

ఇక జాగ్రత్తల మాట. క్యారియరుపై కూర్చున్న పసివాని మడమ వెనుక చక్రపు చువ్వలలో చిక్కుట తరచుగ జరుగు ప్రమాదము. చక్రమునకు వల బిగించి, పాదములు మోపుకొనుటకు ఆధారము నమర్చినచో ఇది చాలవరకు తప్పును. ఓణీ చెంగును, పంచె అంచును దోపుకొనవలెను. చీకటి పడిన పిమ్మట ముందు దీపము, వెనుక ఎర్ర అద్దము లేనిదే రోడ్డెక్కరాదు. హెల్మెట్టు తలకు తగులు గాయములను సుమారు సగమునకు తగ్గించునని 2016లో అనేక పరిశోధనలను కూర్చి లెక్కించిరి. అది పడినప్పటి రక్షణ. లారీ గుద్దకుండుటకు అది చాలదు. రోడ్డుపై సైకిళ్ళు రెట్టింపైనచో గాయములు రెట్టింపు గాక మూడవవంతు మాత్రమే పెరుగుననియు, బండ్లు నడపువారు వారిని గమనించుట కలవాటు పడుదురనియు 2003లో జాకబ్సన్ అను పరిశోధకుడు చూపెను.

క్రొత్తగ నేర్చిన పిల్లవానిని ఒంటరిగ పంపవలదు. మొదటి వారము పెద్దవారొకరు వేరొక సైకిలుపై వెంట పోయి, ఏ మలుపున లారీలు వచ్చునో, ఏ సందు గుండ పోయిన అయిదు నిముషములు ఆలస్యమైనను పెద్దబజారు తప్పునో చూపవలెను.