శుక్లమే కదా అనుకోవద్దు

(సంఘ పెద్దల, స్త్రీల సమాజపు సంయుక్త కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



కన్నులను గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే సంఘస్థులను వెంటబెట్టుకొని కంటి ఆసుపత్రుల బల్లల మీద కూర్చున్న గంటలు నాకు తక్కువేమీ కావు. అక్కడ డాక్టర్లు చెప్పగా విన్నదీ, కళ్లారా చూచినదీ మీ ముందుంచుతాను.

నలభై దాటినవారు పాటల పుస్తకాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకొని పాడటం ప్రతి ఆదివారమూ చూస్తుంటాను. నేనూ వారిలో ఒకణ్ణే. ఇది చత్వారం. పేరులోనే నలభై ఉన్నది. కంటిలోపలి కటకం పడుచుతనంలో మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూచేటప్పుడు కాస్త ఉబ్బుతుంది. వయస్సుతో గట్టిపడి ఆ పని చేయలేకపోతుంది. ఇది రోగం కాదు, అద్దాలు పెట్టుకొంటే చాలు. సంతలో తయారుగా దొరికే కళ్లజోడులో రెండు అద్దాలకూ ఒకే పవరు ఉంటుంది. మన రెండు కళ్లూ ఒకే తీరున ఉండాలని లేదు. అంతకన్న ముఖ్యమేమంటే, అద్దాలకోసం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కంటిలోపలి ఒత్తిడిని, నరాన్ని కూడ చూస్తారు. సంతలో అది చూచే నాథుడు లేడు.

ఆ ఒత్తిడి మాట ఎందుకెత్తానో తెలియాలంటే ఇద్దరిని గూర్చి చెప్పాలి. ఊళ్లూ పేర్లూ వద్దు.

ఒక పెద్దమ్మగారు సాయంకాలపు కూడికలకు రావడం మానివేసింది. భక్తి చల్లారిందని కొందరన్నారు. విచారిస్తే, పొద్దుగూకితే ఆమెకు దారి కనబడటం లేదు. రెండు కళ్లలోనూ శుక్లాలు. "ముదరనీయండి అయ్యగారూ, చలికాలంలో చూద్దాం" అంటూ మూడు చలికాలాలు గడిపింది. చివరకు కొడుకూ కోడలూ ఒప్పించి ఆపరేషన్ చేయించారు. కట్టు విప్పిన వారానికి నేను వెళ్తే, ఆమె చాట ముందు పెట్టుకొని కోడలితో జగడమాడుతోంది. "ఇన్నాళ్లూ రాళ్ల బియ్యమే వండిపెట్టానా? ఒక్కరైనా చెప్పలేదేం?"

రెండవ వారు ఒక పెద్దాయన. ఆయనకూ మసకే. ఎదురుగా ఉన్న మనిషి కనబడేవాడు, పక్కనుండి వచ్చే సైకిలు కనబడేది కాదు. "శుక్లమే కదా, ముదిరాక చేయించుకొందాం" అనుకొన్నారు. తీరా వెళ్తే అవి నీటికాసులని తేలింది. కంటిలో ఒత్తిడి పెరిగి, చూపును మెదడుకు చేర్చే నరం దెబ్బతిన్నది. పోయిన చూపు తిరిగిరాదనీ, మిగిలినది నిలవాలంటే ప్రతిదినమూ చుక్కల మందు వేసుకోవాలనీ డాక్టరు చెప్పారు. తిరిగి వస్తూ బస్సులో ఆయన ఒక్కసారి మాత్రం "ముందే వచ్చి ఉంటే?" అని అడిగారు. నేను ఆయన చేయి పట్టుకొన్నాను గాని జవాబు చెప్పలేదు.

మసక అన్న మాట ఒక్కటే, కారణాలు అనేకం. వాటిలో కొన్ని మనకోసం ఆగుతాయి, కొన్ని ఆగవు. ఏది ఏదో ఇంట్లో కూర్చొని తేల్చుకోలేము.

శుక్లం కొంత ఆగేదే. "ముదరాలి" అన్న మాట ఆ కాలానికి సరైనదే. అప్పుడు కటకాన్ని తీసివేసి దాని స్థానంలో ఏమీ పెట్టేవారు కారు. తరువాత సోడాబుడ్డి అద్దాలే గతి. రెండవ ప్రపంచయుద్ధంలో విమానం కప్పు ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకొని ఉండిపోయినా కన్ను వాటిని ఓర్చుకోవడం ఇంగ్లండులో హెరాల్డ్ రిడ్లీ అనే డాక్టరు గమనించారు. అటువంటి పదార్థంతోనే కటకం చేయించి 1949లో లండనులో మొదటిసారి కంటిలో అమర్చారు. తోటి డాక్టర్లే చాలాకాలం ఆయనను వ్యతిరేకించారు. మన దేశంలో మధురై అరవింద్ వారి ఆరోల్యాబ్ 1992 నుండి ఈ కటకాలను చౌకగా తయారుచేయడంతో పేదవానికీ అందుబాటులోకి వచ్చాయి.

కనుక ఈనాడు మసక మన పనికి అడ్డం వచ్చినప్పుడే ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఎండాకాలమైనా ఫరవాలేదు. మరీ ముదరనిస్తే ఒత్తిడి పెరిగి, విపరీతమైన నొప్పితో కన్నే పోయే ప్రమాదమున్నది. కుట్టు లేకుండా చిన్న కోతతో చేసే పద్ధతి ఒకటి, అల్ట్రాసౌండుతో కటకాన్ని చిదిపి తీసే ఫేకో పద్ధతి ఒకటి. రెండింటిలోనూ చూపు బాగానే వస్తుంది. మామూలు కటకం సాధారణంగా దూరపు చూపుకు పెడతారు, చదవడానికి అద్దాలు కావాలి. దూరానికీ దగ్గరికీ పనికివచ్చేవి ఖరీదు ఎక్కువ, పైగా కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. అప్పుచేసి కొనదగినవి కావని నా అభిప్రాయం. ప్రభుత్వ ఆసుపత్రులలోను, జాతీయ అంధత్వ నివారణ పథకంతో కలిసి పనిచేసే ధర్మాసుపత్రులలోను ఈ ఆపరేషన్ ఉచితంగా చేస్తారు.

నీటికాసులు ఆగవు, చాలామందిలో మొదట నొప్పీ ఉండదు. ఇంట్లో ఒకరికి ఉంటే తోబుట్టువులు, పిల్లలు తప్పక పరీక్ష చేయించుకోవాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు, చూపు బాగున్నా సరే, ఏడాదికొకసారి రెటీనా చూపించుకోవాలి. కోతల కాలంలో వరి ఆకో, వడ్ల ముల్లో తగిలి నల్లగుడ్డు మీద పుండు పడితే ఆ రోజే బయలుదేరాలి. పసరు, చనుబాలు, ఆముదం వద్దు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే చుక్కలలో స్టెరాయిడ్ ఉంటే అది బూజువల్ల వచ్చిన పుండును పెంచుతుంది. నెలల తరబడి వాడితే శుక్లాన్నీ, నీటికాసులనూ తెచ్చిపెడుతుంది.

మెల్లకన్ను అదృష్టమని మురిసే తల్లులున్నారు. ఆ కంటిని బిడ్డ వాడకపోతే మెదడు దానితో చూడటం నేర్చుకోదు. ఏడెనిమిదేళ్లలోపు వైద్యం చేయిస్తే ఫలితం ఎక్కువ.

ఇక ఆడపిల్లల సంగతి. బడిలో నల్లబల్ల కనబడక వెనుకబడుతున్నా, పెళ్లికి అడ్డమని అద్దాలు పెట్టనివ్వరు. పెళ్లిచూపులలో దాచిన కళ్లజోడు పెళ్లయ్యాక బయటపడదా? అద్దాలు వద్దనుకొంటే కాంటాక్టు లెన్సులున్నాయి. వాటిని కుళాయి నీళ్లతో కడగరాదు, పెట్టుకొని నిద్రపోరాదు. పద్దెనిమిది దాటి, పవరు ఏడాదిపాటు మారకుండా నిలిస్తే లేజరు చికిత్స ఉన్నది. నల్లగుడ్డు పొర పలుచగా ఉన్నవారికి చేయరు. చేయించుకొన్నవారికి కూడ నలభైలో చత్వారం తప్పదు. తెలంగాణలో 2018లోను తిరిగి 2023లోను, ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను కంటి వెలుగు పేరుతో ప్రభుత్వాలు అద్దాలు పంచాయి. అవి ఇంకా పెట్టెలోనే ఉన్న ఇళ్లు నాకు తెలుసు.

ఈ హాలు వెనుక గోడకు క్యాలెండరు ఉన్నది. వెళ్లేముందు ఒక కన్ను మూసి, తరువాత రెండవది మూసి, తేదీలు చదివి చూడండి. తేడా కనబడినవారు నాతో చెప్పండి. మంగళవారం ఉదయం ఆరు గంటల బస్సుకు ఆసుపత్రికి వెళ్తున్నాము. కంటిపాప పెద్దది కావడానికి మందు వేస్తారు, కొన్ని గంటలు చూపు ఆనదు కనుక ఇంటినుండి ఒకరిని తోడు తెచ్చుకోండి.