చేతికి ఇమిడే హ్యాండిల్ గ్రిప్పులు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి కార్యదర్శిగారు ఇంతసేపూ వివరంగా చెప్పారు. అంత పెద్ద విషయం తరువాత మోటారు సైకిలు హ్యాండిల్ గ్రిప్పుల గురించి మాట్లాడతానంటే వెనుక వరుసలో నవ్వులు వినిపిస్తున్నాయి. నవ్వండి, పర్వాలేదు. కానీ బయట చెట్టు కింద నిలిపిన బండ్లు ఒకసారి చూడండి. మనలో సగం మందిమి వాటి మీదే వచ్చాం. బ్యాంకుకు వెళ్ళాలన్నా, మందులు తెచ్చుకోవాలన్నా, శ్రీమతిని గుడికి తీసుకువెళ్ళాలన్నా అదే ఆధారం. బండి మానేసిన రోజు నుంచి మనం ఇంకొకరి తీరిక కోసం గుమ్మంలో కూర్చోవలసిందే.

ఈ మధ్య మన సభ్యులొకరు బండి అమ్మేశారు. చూపు బాగుంది, నడుము బాగుంది. పది కిలోమీటర్లు వెళ్ళేసరికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయని అమ్మేశారు. ఆ బండి నేను చూశాను. గ్రిప్పుల మీద గళ్ళన్నీ అరిగిపోయి, రబ్బరు ఎండకు బిగిసిపోయి రోకలిబండలా ఉంది. చేతులకు ఒక పరీక్ష, గ్రిప్పులకు ఒక మార్పు జరిగి ఉంటే ఏమయ్యేదోనని నాకు అనిపిస్తూనే ఉంటుంది.

మనం నడిపే 100, 125 సి.సి. బండ్లకు ఒక్కటే సిలిండరు. ఇంజను అదురు ఫ్రేము మీదుగా హ్యాండిల్‌కు, అక్కడి నుంచి అరచేతికి వస్తుంది. మధ్యలో అడ్డుగా ఉన్నది ఆ రబ్బరు ఒక్కటే. అది బిగిసిపోతే అదురంతా మన మణికట్టే మోయాలి. రెండో సంగతి, మనం దాన్ని పట్టుకునే బిగింపు. వయసు వచ్చాక చర్మం పొడిబారి పట్టు జారుతున్నట్లు ఉంటుంది కనుక అవసరానికి మించి బిగిస్తాం. గ్రిప్పు సన్నగా ఉంటే ఇంకా బిగిస్తాం. సర్వీసులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టిన వేళ్ళకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు.

కనుక కొనేటప్పుడు మొదట చూడవలసింది లావు. రంగు కాదు, మెత్తదనం కూడా కాదు. గ్రిప్పును మామూలుగా పట్టుకోండి. వేళ్ళ చివరలు బొటనవేలి మొదటి కండ దగ్గరకు వచ్చి, తగిలీ తగలనట్లు ఆగాలి. గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటే అది మీకు సన్నం. మధ్యలో వేలెడు సందు ఉంటే లావు. లావు ఎక్కువైతే బ్రేకు లివరు అందుకోవడానికి వేళ్ళు చాచవలసి వస్తుంది. ఆ అర క్షణంలో ముందు ఆటో ఆగిపోతుంది. ఆడవారి చేతులు చిన్నవి. ఇంట్లో ఇద్దరూ ఒకే స్కూటరు నడిపితే చిన్న చేతికి సరిపడేదే వేయించండి.

ఇక మెత్తదనం. స్పాంజి గ్రిప్పులు షాపులో నొక్కి చూస్తే పరుపులా ఉంటాయి. అదురును బాగానే ఆపుతాయి. కానీ వానకు తడిస్తే నీరు పీల్చుకుంటాయి, త్వరగా చిరుగుతాయి. మన కాకినాడ వానల్లో నేను వాటిని సిఫారసు చేయను. చవక రబ్బరు ఎండకు జిగురెక్కి చేతికి నలుపు అంటుకుంటుంది. కొనేముందు తెల్ల రుమాలుతో గట్టిగా తుడిచి చూడండి, తెలిసిపోతుంది. కొంచెం మెత్తగా, మీద సన్నటి గళ్ళున్న మంచి రబ్బరు గ్రిప్పులే మనకు మేలు. పాతవాటి మీద తొడిగే గుడ్డ తొడుగులు మాత్రం వద్దు. కుడి చేతి వైపు అవి గిర్రున తిరుగుతాయి. మనం యాక్సిలరేటరు తిప్పామనుకుంటాం, తిరిగింది తొడుగు.

కుడి, ఎడమ గ్రిప్పులు ఒకటి కాదు. చాలా బండ్లకు హ్యాండిల్ గొట్టం 22 మిల్లీమీటర్లు. కుడివైపు దాని మీద యాక్సిలరేటరు గొట్టం ఉంటుంది కనుక ఆ గ్రిప్పు రంధ్రం పెద్దది. అందుకే జతగా, మీ బండి పేరు చెప్పి కొనాలి. ఎక్కించడానికి నూనె రాయనివ్వకండి. అది లోపలే ఉండిపోయి గ్రిప్పు జారుతుంది. రబ్బరు అతికించే జిగురు వాడి, పూర్తిగా ఆరేదాకా బండి తీయకూడదు. హ్యాండిల్ చివరల్లో ఇనుప బిళ్ళలు ఉంటే, అవి అలంకారం కాదు, అదురు తగ్గించే బరువులు. కొత్త గ్రిప్పు పట్టలేదని వాటిని తీసి పక్కన పడేస్తే ఒప్పుకోకండి.

డబ్బులిచ్చే ముందు ఇంకొక పని. యాక్సిలరేటరు తిప్పి వదలండి. టక్కున దానంతటదే వెనక్కి రావాలి. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పి ఒకసారి, కుడికి పూర్తిగా తిప్పి ఒకసారి ఇలాగే చూడండి. గ్రిప్పు అంచు స్విచ్చీల పెట్టెకు రాసుకుంటే యాక్సిలరేటరు మధ్యలో పట్టేస్తుంది. సందు వదిలి మళ్ళీ వేయమనండి. మెకానిక్కు విసుక్కున్నా సరే. ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు రాసిన వాళ్ళం, ఆ విసుగు మనకు ఒక లెక్కా.

అన్నట్టు, తిమ్మిరి ఎడమ చేతికే ఎక్కువగా ఉంటే గ్రిప్పు కన్నా ముందు క్లచ్ కేబులు చూపించండి. బిగిసిన కేబులును రోజూ వందసార్లు లాగితే ఏ గ్రిప్పూ కాపాడదు. లివర్లు మరీ పైకి ఉన్నా మణికట్టు వంగుతుంది. మోచేయి నుంచి వేళ్ళ దాకా ఒకే వరుసలో ఉండేలా వాటిని కిందకు దించమంటే మెకానిక్కుకు అయిదు నిమిషాల పని.

బండి దిగాక కాసేపటికి తిమ్మిరి పోతే గ్రిప్పు సంగతి చూడవచ్చు. రాత్రి నిద్రలో కూడా బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారుతుంటే అది మణికట్టులో నరం నొక్కుకుపోవడం కావచ్చు. షుగరు ఉన్నవారికి ఇది మరీ ఎక్కువ. డాక్టరుకు చూపించండి, గ్రిప్పులు మార్చుకుంటూ కాలం గడపకండి. బ్రేకు పూర్తిగా నొక్కే బలం చేతికి లేనినాడు బండి తాళాలు పిల్లలకు ఇచ్చేయవలసిందే. ఇది చెప్పడం నాకూ ఇష్టం లేదు.

ఇందాక ఒక సోదరి ఎండలో నిలిపిన బండి గ్రిప్పులు చేయి కాలుస్తున్నాయి, ఏం చేయాలని చీటీ పంపారు. నిలిపినప్పుడు వాటి మీద తెల్లటి తడిగుడ్డ కప్పండి. బయలుదేరే ముందు తీయడం మరచిపోకండి.