ప్రత్యక్షము – ఆప్తవాక్యము : నేటి చేనేత వర్తకము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మన కులవృత్తియగు చేనేత సరకును అంతర్జాలమునందును ఇంటింటను గూడ విక్రయించు మార్గమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యనిర్వాహకులు నన్ను గోరిరి. నేను వర్తకుడను గాను. బాలురకు సంస్కృతము బోధించి జీవించినవాడను. కావున నాకు దెలిసిన తర్కపరిభాషలోనే విన్నవించుకొనెదను.

మన తార్కికులు ప్రమాణములలో ప్రత్యక్షమును, శబ్దమును బేర్కొనిరి. కన్నులార జూచి, చేత ముట్టి తెలిసికొనునది ప్రత్యక్షము. ఆప్తుని మాటవలన దెలిసికొనునది శబ్దము. ఉన్నది యున్నట్లు చెప్పువాడే ఆప్తుడు.

అఫిలియేటు మార్కెటింగు శబ్దముపై నడచునది. పరుల సరకును బ్రశంసించి, ఆ మాటవలన గలిగిన విక్రయముపై కమీషను గ్రహించుటయే దాని స్వరూపము. పూర్వము దళారి చేసిన పనియే యిది. 1996లో అమెజాను సంస్థ ఈ పద్ధతి నవలంబించి వ్యాప్తికి దెచ్చినది. చెప్పువాని కొక ప్రత్యేకమైన లింకు నిత్తురు. ఆ లింకుగుండ వచ్చి కొన్నవారి లెక్కయే అతని ఖాతాలో జమయగును.

అయితే బట్టవిషయమున శబ్దమొక్కటియే చాలదు. పోచంపల్లి ఇక్కత్తునకు 2005లో భౌగోళికచిహ్నము లభించినది. ఆ చీరయు, దానిని బోలిన అచ్చుచీరయు తెరపై నొక్కటిగనే తోచును. చేత బట్టి త్రిప్పి చూచిన నిజము తేలును. ఇక్కత్తున నూలునకే ముందుగా కట్టుకట్టి రంగులద్దుదురు గనుక బొమ్మ రెండువైపులను స్పష్టముగ నుండును; అచ్చుబట్టకు వెనుకవైపు సామాన్యముగ వెలవెలబోవును. ఈ పాఠము ఎదుట గూర్చుండి చెప్పవలసినదే. కావున మొదటి చీర చేతికిచ్చి చూపుడు. రెండవ చీరకును, దూరదేశముననున్న కొమార్తె చీరకును లింకు పంపుడు. ఇదియే సరియైన క్రమము.

ఇందు మూడు జాగ్రత్తలు గలవు. మొదటిది, కమీషను పుచ్చుకొనుచున్నామని దాచక చెప్పవలయును. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారశాఖ వెలువరించిన మార్గదర్శకములును ఇదియే చెప్పుచున్నవి. తప్పుద్రోవ పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. రెండవది, అమెజాను నిబంధనలు తన లింకులను అచ్చుకాగితములద్వారా గాని నోటిమాటద్వారా గాని ప్రచారము చేయుటకు సమ్మతింపవు. కావున మన సహకారసంఘములు తమ సొంత పుటలను, సొంత కమీషను పద్ధతిని ఏర్పఱచుకొనుట మేలు. మూడవది, సరకు నమ్మినందుకు గాక మనుష్యులను జేర్చినందుకు ధనమిచ్చు పథకముల దరి జేరకుడు. 2021 నాటి ప్రత్యక్షవిక్రయ నియమములు అట్టివానిని నిషేధించినవి. ప్రత్యక్షవిక్రేత గుర్తింపుపత్రము లేక, ముందుగా అనుమతి గొనక పరుల గృహమునకు బోరాదనియు అవియే శాసించుచున్నవి.

ఇక నొక్క మనవి. కమీషను మగ్గముకూలినుండి కోయబడరాదు. నేయువాని కడుపు గొట్టి చెప్పువాని జేబు నింపు వర్తకము మనకు దగదు. అట్లే "మనవాడవు గదా, కొనుము" అని బంధుత్వమును బేరమున బెట్టకుడు. ఒకమారు మొగమాటమున గొన్న బంధువు రెండవమారు ఎదురుపడుటకే జంకును. సరకు మంచిదని కొన్న పరాయివాడు పదిమందికి జెప్పును.

యువకులారా! మీరు పంపు ప్రతి లింకువెనుకను ఒక నేతగాని పేరును, మీ పెద్దల పేరును గలవు. ఆప్తులై పలుకుడు. లాభము దానంతట నదియే వచ్చును. మీకెల్లరకు శుభమగుగాక!