సికిల్ సెల్ కార్డు: మేం చేసిన తప్పు, నేర్చుకున్న పాఠం



ఏటా పొదుపు ఎంత, అప్పులెంత, రికవరీ ఎంత అని చెప్పి దిగిపోతాం. ఆ లెక్కలు ఈ నివేదికలోనే ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మాత్రం మేం చేసిన ఒక తప్పు చెప్పుకోడానికి వచ్చాం. మీ ఊళ్లో అలా జరగకూడదు.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి ఈ జబ్బు లేకుండా చేయాలని లక్ష్యం. మన గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ రక్త పరీక్ష చేసి కార్డులు ఇస్తున్నారు. మా ఊళ్లో కూడా చేశారు. అందరినీ పిలుచుకొచ్చింది మేమే. అంతవరకు మంచి పనే.

తర్వాత కార్డులు కట్టగా వచ్చాయి. పంచే పని మేం నెత్తిన వేసుకున్నాం. సంఘం మీటింగులో కిస్తీల పేర్లు పిలిచినట్టు ఒక్కొక్క పేరూ చదివేశాం. "ఫలానా వాళ్లమ్మాయి, క్యారియర్" అని గట్టిగానే చదివాం. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. వారం తిరగకుండా ఆ అమ్మాయికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. జబ్బు పిల్ల అన్నారు. ఆ అబ్బాయికి మాత్రం పరీక్షే చేయించలేదు.

ఆ అమ్మ మూడు నెలలు సంఘానికి రాలేదు. మేమే వాళ్లింటికి వెళ్లాం. అప్పుడు ఆ పిల్ల ఒక్క మాట అంది: "సంఘం మాట బయట చెప్పకూడదని పుస్తకంలో రాసుకున్నారు కదా. మరి నా రక్తం సంగతో?" మాకు నోట మాట రాలేదు.

అప్పటినుంచి ఏఎన్ఎం గారిని, ఆసుపత్రి డాక్టరు గారిని, ఒక లాయరమ్మను అడిగి అడిగి తెలుసుకున్నాం. అవే మీకు చెబుతున్నాం.

మొదటిది, క్యారియర్ అంటే జబ్బు మనిషి కాదు. మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. క్యారియర్, క్యారియర్ కాని మనిషిని చేసుకుంటే పుట్టే బిడ్డకు సికిల్ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదులే అనుకోకూడదు. మేనరికాల్లో ఇద్దరూ క్యారియర్లయ్యే అవకాశం ఎక్కువ. ఇంకో మాట, సికిల్ జబ్బు తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తుంది. కోడలి వల్లే వచ్చిందని తిట్టే అత్తలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రెండోది చట్టం. మన సొంత విషయాలు గోప్యంగా ఉంచుకోవడం ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు చెప్పారు. సికిల్ సెల్, తలసీమియా, హీమోఫీలియా జబ్బులున్న వాళ్లు 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తారు. సర్టిఫికెట్ కోసం అడగొచ్చు, సిగ్గుపడే పని లేదు.

మూడోది కడుపులో బిడ్డ సంగతి. ఇలాంటి వంశపారంపర్య జబ్బు ఉందేమో చూడడానికి గర్భంలో పరీక్ష చేయించుకోవచ్చు. 1994 చట్టం ఒప్పుకుంటుంది. అయితే లాభనష్టాలన్నీ ముందే వివరించాలి. మనకు అర్థమయ్యే భాషలో సంతకం తీసుకోవాలి, ఆ కాగితం నకలు మనకివ్వాలి. ఆడో మగో చెప్పడం మాత్రం అదే చట్టంలో నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. ఫలితం తెలిశాక ఏం చేయాలో ఆ తల్లికి డాక్టరు వివరంగా చెప్పాలి. నిర్ణయం ఆమెది. అత్త, భర్త, సంఘం ఎవరూ ఒత్తిడి చేయకూడదు.

మా మీటింగులో ఒక వదిన అడిగింది, "కార్డు చూపించకుండా పెళ్లి చేయకూడదని తీర్మానం పెట్టేద్దామా?" అని. చాలాసేపు మాట్లాడుకున్నాం. అలా పెడితే పరీక్షకే రారు, వచ్చినా కార్డు దాచేస్తారు. చివరికి ఆడపిల్ల కార్డే అడుగుతారు, మగపిల్లాడిది అడగరు. అందుకే వద్దనుకున్నాం.

బదులుగా ఇవి రాసుకున్నాం: కార్డు ఆ మనిషి చేతికే, పిల్లలదైతే తల్లిదండ్రుల చేతికే ఇవ్వాలి. ఫలితాల జాబితా సంఘం పుస్తకాల్లో ఉండకూడదు. ఇష్టం లేని వాళ్లను బలవంతం చేయకూడదు, అప్పుకూ పరీక్షకూ ముడిపెట్టకూడదు. సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లా పిల్లాడూ ఇద్దరూ చేయించుకుని, వాళ్లిద్దరే ముందు మాట్లాడుకునేలా పెద్దవాళ్లకు చెప్పాలి.

ఆ అమ్మ మళ్లీ సంఘానికి వస్తోంది. కూతురు మాతో ఇంకా మాట్లాడడం లేదు. మాట్లాడమని అడిగే హక్కు మాకు లేదు. ఈ మాటలు ఇక్కడ చెప్పడానికి మాత్రం ముందే ఆమె అనుమతి తీసుకున్నాం. తల ఊపింది.

మీ ఊరికి కార్డుల కట్ట వచ్చినప్పుడు, పేరు చదివే ముందు ఒక్క నిమిషం మా ఊరిని తలుచుకోండి.