గర్భస్థ శిశువు మెదడు - పంచాయతీల కర్తవ్యము

(శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, మంచినీరు, వీధిదీపముల వలెనే తల్లి గర్భములోని శిశువు ఆరోగ్యమును గూర్చియు మీరు శ్రద్ధ వహింపవలసియున్నది.

ధ్వని తరంగములతో గర్భస్థ శిశువును చూచు విధానమును 1958లో స్కాట్లండుకు చెందిన ఇయాన్ డొనాల్డ్ అను వైద్యుడు, ఆయన సహచరులు లోకమునకు వెల్లడించిరి. మనము స్కానింగు అనునది ఇదియే. శిశువు మెదడును, ఇతర అవయవములను పరీక్షించుటకు 18 మొదలు 20 వారముల కాలము, అనగా అయిదవ నెల, అనువైనది.

మెదడులో సహజముగనే నీటి గదులుండును. వాటి వెడల్పు 10 మిల్లీమీటర్లకు లోబడియుండుట సాధారణము. 10 మొదలు 12 వరకు ఉన్నచో స్వల్పమైన హెచ్చు. 15 దాటినచో తీవ్రము. మరే లోపమును లేక, స్వల్పమైన హెచ్చు మాత్రమే ఉన్న శిశువులలో నూటికి 90 మందికి పైగా తక్కిన పిల్లల వలెనే ఎదుగుచున్నారని పరిశోధనల వలన తేలినది. అయినను "తలలో నీరు" అన్న మాట వినగానే కొందరు తల్లిని నిందింతురు. కొందరు గర్భము తీయించుమని తొందరపెట్టుదురు. ఇది తగదు. కొన్ని లోపములు అయిదవ నెలలో కానరావు గనుక, స్కానింగు బాగున్నదని బిడ్డ ఎదుగుదలను గమనింపకుండుటయు తగదు.

లోపము నిజముగా తీవ్రమైనదైనచో కాలము విలువైనది. గర్భవిచ్ఛిత్తిని గూర్చిన 1971 నాటి చట్టమునకు 2021లో జరిగిన సవరణ ప్రకారము, 24 వారములు దాటిన పిదప అట్టి సందర్భములలో వైద్య మండలి అనుమతి కావలెను. వైద్యుల సలహాపై నిర్ణయించుకొనవలసినది తల్లియే గాని ఊరు కాదు. పనులకు వలసపోయి తిరిగి వచ్చిన స్త్రీలకును, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ప్రాంతముల కొండ గూడెముల స్త్రీలకును ఆలస్యమగు ప్రమాదము హెచ్చు. డోలీ మోతలు మనమెరుగనివి కావు.

కావున మీరు చేయదగిన పనులివి. మూడవ నెలలోపుగనే ప్రతి గర్భిణి పేరును ఆశా కార్యకర్త వద్ద నమోదు చేయింపుడు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో జరుగు ఉచిత పరీక్షలకు వాహనము ఏర్పాటు చేయుడు. శిశువు మెదడు, వెన్నుపాములుగా రూపొందు నాళము తొలి నాలుగు వారములలోనే మూసికొనును గనుక, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు గర్భధారణకు ముందే ఆరంభింపవలెనని కొత్త దంపతులకు తెలుపుడు. ఆడ శిశువా, మగ శిశువా అని స్కానింగులో అడుగుటయు, చెప్పుటయు 1994 నాటి చట్టము ప్రకారము నేరములని చాటింపుడు.

స్కానింగులో సందేహము కలిగిన బిడ్డ పుట్టిన తరువాత మెడ నిలుపుట, కూర్చుండుట, నడక, మాట సకాలములో వచ్చుచున్నవో లేదో అంగన్‌వాడీ కార్యకర్త చూడవలెను. ఆలస్యము కనిపించినచో, 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమపు వైద్య బృందమునకు చూపింపుడు. చిన్న వయసులోనే ఆరంభించిన శిక్షణ వలన మేలు హెచ్చు.

వచ్చే సమావేశములో ఒక ప్రశ్న వేయుడు: మన ఊరిలో అయిదవ నెల గర్భిణులెందరు? వారిలో స్కానింగు చేయించుకొన్నవారెందరు? సంఖ్య మాత్రమే అడుగుడు. పేర్లు సభలో చదువవలదు.

జై హింద్.