ఉద్యోగి నిలకడ: లెక్క, మెప్పు



డెబ్బై అయిదేళ్లుగా ఈ పాఠశాలలో చదివి వెళ్లినవారిలో పలువురు ఇతరుల చేత పని చేయించే స్థానాలకు చేరుకున్నారు. కనుక ఉద్యోగులు సంస్థను విడిచి ఎందుకు వెళ్తారు, వారిని నిలుపుకొనడానికి లెక్కలూ మెప్పుదలా ఎంతవరకు ఉపకరిస్తాయి అన్న ప్రశ్న ఈ సభకు పరాయిది కాదు.

అమెరికాలో డెట్రాయిట్ చెంతనున్న హైలాండ్ పార్కులోని ఫోర్డ్ కార్ల కర్మాగారం దీనికి ప్రసిద్ధోదాహరణం. 1913లో అక్కడ కదిలే అసెంబ్లీ లైను ప్రవేశించింది. పనివాడు కదలడు, కారే అతని ముందుకు వస్తుంది. అతడు దినమంతా ఒకే మరమేకు బిగిస్తూ నిలబడాలి. ఉత్పత్తి పెరిగింది గాని మనుషులు నిలువలేదు. ఆ ఏడు నిష్క్రమణ రేటు 370 శాతం. ఏడాదిలో మానుకున్నవారి సంఖ్యను, సగటున పనిలో ఉన్నవారి సంఖ్యతో భాగించి నూటితో హెచ్చవేస్తే వచ్చేది ఈ రేటు. సుమారు 14 వేల మందిని పనిలో ఉంచడానికి 50 వేలకు పైగా మనుషులను చేర్చుకోవలసి వచ్చిందన్నమాట!

ఈ లెక్క ఉండబట్టే నష్టం కంటికి కనబడింది. కొత్తవానికి పని నేర్పే ఖర్చు, ఆ నేర్చుకొనడంలో చెడిన సరుకు, జమాఖర్చుల పుస్తకంలో విడిగా ఎక్కవు. అయితే ఎందరు పోయారో లెక్క చెప్పింది గాని ఎందుకు పోయారో చెప్పలేదు. అది తెలుసుకొనడానికి జాన్ లీ అనే అధికారి విచారణకు పూనుకున్నాడు. ఒకే తరహా పనికి వేర్వేరు కూలి, దీర్ఘమైన పనివేళలు, మేస్త్రీల నిరంకుశత్వం బయటపడ్డాయి. 1913 అక్టోబరులో 69 రకాల కూలిరేట్లను 8కి తగ్గించి, మేస్త్రీలు తమ ఇష్టానుసారం తొలగించే అధికారాన్ని తీసివేశారు. 1914 జనవరిలో పనిదినం తొమ్మిది గంటల నుండి ఎనిమిదికి తగ్గింది. కూలి అయిదు డాలర్లయింది, అంటే ఇంచుమించు రెట్టింపు. 1915 నాటికి నిష్క్రమణ రేటు 16 శాతానికి పడిపోయింది.

ఇంతవరకు కథ ముచ్చటగానే ఉన్నది. కాని ఆ అయిదు డాలర్లలో సగానికి పైగా లాభాల వాటా పేరిట ఇచ్చేవారు. దానికి అర్హుడో కాదో తేల్చడానికి కంపెనీ పరిశీలకులు కార్మికుని ఇంటికి వెళ్లి శుభ్రత, పొదుపు, తాగుడు విచారించేవారు. యజమాని కొలబద్ద కర్మాగారపు గడప దాటి వంటింటిలో ప్రవేశించింది. స్త్రీలకైతే మొదట ఆ వాటాయే లేదు. గౌరవించే పేరుతో చేసే నిఘాను గౌరవమని ఎవరూ భావించరు.

మెప్పుదల విషయమై చికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారంలో 1927లో ఆరంభమైన పరిశోధనను తరచు పేర్కొంటారు. టెలిఫోను రిలేలు కూర్చే కొద్దిమంది యువతులను ప్రత్యేకమైన గదిలో ఉంచి, విరామాలిచ్చి, వారి అభిప్రాయాలడిగితే ఉత్పత్తి పెరిగింది. పట్టించుకొనడమే ఔషధమని ప్రచారమైంది. ఆ గదిలో చిన్న బృందపు ఉత్పత్తిని బట్టి కూలి కట్టేవారనీ, మధ్యలో ఇద్దరిని మార్చివేశారనీ మాత్రం అంతగా చెప్పరు. చాలని జీతానికి శాలువా ప్రత్యామ్నాయం కాజాలదు.

బరంపురంలో జన్మించి, రైల్వే కార్మికులకు నాయకత్వం వహించి, రాష్ట్రపతి పదవినధిష్ఠించిన వి.వి. గిరి, మూడవవాని తీర్పు కంటె యాజమాన్యమూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొనడమే మేలని వాదించేవారు. లెక్క చెప్పలేని కారణం అటువంటి సంభాషణలోనే దొరుకుతుంది.

బడి కూడా సంస్థయే. తెలుగు చెప్పే ఉపాధ్యాయుడు దొరకడమే దుర్లభమైన రాష్ట్రేతర ప్రాంతాలలో, దొరికినవాడు నిలవడం మరీ ముఖ్యం. మొదటి ఏడాదిలోనే మానినవారిని విడిగా లెక్కించాలి. పదవీవిరమణ చేసినవారిని అందులో కలిపితే అంకె అబద్ధమాడుతుంది. ఏ విభాగం నుండి, ఎవరి క్రింద పనిచేసినవారు ఎక్కువగా పోతున్నారో చూడాలి. మెచ్చుకొనేటప్పుడు ఏ పనికి మెచ్చుకుంటున్నారో పేర్కొనాలి. వార్షికోత్సవం దాకా దాచనక్కరలేదు. ఇక కారణం అడగడానికి చివరి దినం తగినది కాదు. సేవా ధ్రువపత్రం చేతికందవలసినవాడు ‘సొంత పనులు’ అని తప్ప మరేమంటాడు? చేరిన మూడవ నెలలో అడిగితే, మేజా సొరుగుకు తాళం లేదన్న సంగతి మొదలుకొని అన్నీ చెబుతాడు.