స్యాద్వాదము – ఓరుగంటి జైనులు



ఈ స్మారకోపన్యాసము చేయవలెనని వర్ధన్నపేట పెద్దలు కోరినపుడు సంకోచింపక అంగీకరించితిని. ఎవరి పేర ఈ సభ జరుగుచున్నదో ఆ పంతులుగారు నాకు చదువు చెప్పినవారు కారు, నీళ్లు మోసినవారు. హనుమకొండ పద్మాక్షి గుట్టమీది శాసనస్తంభమునకు నేను నకలు తీయుచుండగా, కింది గుండమునుండి బిందెతో నీరు తెచ్చి, తడి కాగితము రాతికి అంటుకొనువరకు తమ ఉత్తరీయమును గాలికి అడ్డముగా పట్టి నిలిచినారు. సిరాగుడ్డ అద్దగా నలుపు నడుమ అక్షరములు తెల్లగా తేలినవి. అప్పుడాయన, “జైన బసది కట్టించిన ఈ మైలమ వారంతా ఏమైనట్టండీ?” అని అడిగినారు. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని.

మహావీరుని పంచవ్రతములు, గాంధీజీకి రాజచంద్రులతో గల సాన్నిహిత్యము మీరెరిగినవే. జైనాచార్యుడగు కొండకుందాచార్యుని ఊరు అనంతపురము సీమలోని కొనకొండ్ల యని చరిత్రకారులు దేశాయిగారు 1957లో వాదించుటయు, పంపకవి తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల బొమ్మలగుట్టపై తెలుగు కందములు చెక్కించుటయు, కొలనుపాక తీర్థమహిమయు మరల చెప్పి మీ కాలము హరింపను.

నా తగవు వేరొకటి. కాకతీయ ప్రభువు గణపతిదేవుడు జైనులను గానుగలలో ఆడించి ఈ సీమలో వారి పేరు లేకుండ చేసెనను కథ పాఠశాలలనుండి పురాణకాలక్షేపములదాక చెలామణి యగుచున్నది. దీనికి మూలముగా చూపునది సిద్ధేశ్వర చరిత్ర: తిక్కన సోమయాజి ఓరుగల్లు వచ్చి వాదమున జైనులను గెలువగా, రాజు వారిపై దండెత్తినాడట. కాసె సర్వప్ప ఆ గ్రంథమును కాకతీయ రాజ్యము కూలిన చాలకాలమునకు వ్రాసినాడు. గణపతిదేవుని ఏలుబడి 1199 మొదలు 1262 వరకు. అప్పయార్యుడను జైనపండితుడు జినేంద్ర కల్యాణాభ్యుదయమును ముగించినది 1319లో, ఏకశిలానగరమనబడు ఓరుగల్లులోనే, ప్రతాపరుద్రుని పాలనలో. అనగా గణపతిదేవుని పాలన ముగిసిన ఏబదియేడేండ్లకు, నిర్మూలనము జరిగెననుచున్న ఆ రాజధానిలోనే, ఒక జైనుడు కూర్చుండి గ్రంథము వ్రాయుచున్నాడు. అది కావ్యము కాదు, జినబింబ ప్రతిష్ఠావిధిని చెప్పునది. ప్రతిష్ఠ చేయించువారే లేని ఊర ఆ విధి ఎవరికొరకు?

“ఒక్క గ్రంథముతో ఒక సంఘము నిలువదు” అని ఒక విద్వాంసులు నన్నొక సభలోనే ఆక్షేపించినారు. నిజమే. వీరశైవకవి పాలకురికి సోమనాథుని బసవపురాణములో జైనులపై ఉన్న కాఠిన్యమును నేను దాచను. ఆయన పాలకుర్తి మనకు పొరుగూరే. ద్వేషము ఉండినది, బసదులు చేతులు మారినవి. ఐనను ద్వేషమునుండి గానుగకు లంఘించుటకు శాసనాధారము కావలెను. 1117లో ప్రోలరాజు మంత్రియైన బేతన భార్య మైలమ బసది కట్టించెననుటకు శాసనపరిశోధకులు కృష్ణశాస్త్రిగారు ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున ప్రకటించిన శాసనము సాక్షి. గానుగకు అటువంటి సాక్షిని ఇంతవరకు నాకెవరును చూపలేదు.

ప్రతి మాటయు ఒక అపేక్షచేతనే నిజమను జైనుల స్యాద్వాదము నాకు అక్కరకు వచ్చినది ఇచటనే. మన తెలుగు గ్రంథములు “స్యాత్” అను మాటకు “బహుశా” అని అర్థము వ్రాసి ఆ దర్శనమును సందేహవాదముగా దిగజార్చినవి. జైనాచార్యుడు సమంతభద్రుడు ఆప్తమీమాంసలో “స్యాత్”ను నిపాతమని, అనగా అవ్యయమని, స్పష్టముగా చెప్పినాడు. దానికర్థము “ఒకానొక అపేక్షచేత” అని. శీతోష్ణములు ఒకచోట కూడనట్లు అస్తినాస్తులును (ఉన్నది, లేదు అనునవి) కూడవని బ్రహ్మసూత్ర భాష్యమున (2-2-33) శంకరులు చేసిన ఖండనము, ఒకే అపేక్షతో రెండును చెప్పువానికి తగులును గాని, అపేక్షలను వేరుచేసి చెప్పువానికి తగులదు. కావున స్యాద్వాదమునకు మూలమైన అనేకాంతమనగా అందరి మాటయు ఒప్పే యనుట కాదు. ప్రతి మాటయు తాను నిలిచిన చోటు చెప్పుకొని తీరవలెననుట. పద్మాక్షి గుడిలో జైనము లేదు, నేటి పూజను బట్టి. ఉన్నది, గర్భగుడి శిలపై చెక్కిన తీర్థంకరుని బట్టి. బతుకమ్మనాడు గుండమున పూలు వదలు ఆడపడుచులకును మైలమకును నడుమ గానుగయే యున్నదని పిల్లలకు నేర్పుట చరిత్రయా?

ఉమాస్వాతి తత్త్వార్థసూత్రములో హింసకు లక్షణము చెప్పుచు ప్రమత్తతను, అనగా ఏమరుపాటును, ముందు పెట్టినాడు. అహింసను వంటింటికి పరిమితము చేసినవారు ఈ మాటను తేలికగా దాటిపోవుచున్నారు. ఆధారము చూడక ఒక వంశముపై హత్యను మోపుటయు, అక్షరములున్న రాతిని సున్నముతో కప్పుటయు ఆ ఏమరుపాటులోనివే.

నేనిపుడు పూనుకొన్న పని ఇదే: వర్ధన్నపేట చుట్టుపక్కల చెరువుకట్టలపై, గుడి ప్రాకారములలో, పొలము గట్లపై ఉన్న జైనశిలలను ఊరూర లెక్కవ్రాయుట. ఈ ఊరి పేరులో వర్ధమానుని, అనగా మహావీరుని, చూడవలెనను ఉబలాటము నాకును కలదు. శబ్దసామ్యము తప్ప వేరాధారము దొరకువరకు ఆ మాట నేననను. మీ పొలములో పద్మాసనమున కూర్చున్న దిగంబర విగ్రహముగాని, పాముపడగ క్రింద నిలిచిన మూర్తిగాని కనబడిన యెడల కడుగకుడు, రంగు పూయకుడు, కదల్పకుడు. నాకు కబురు పంపుడు. కాగితము, కుంచె, సిరా నేను తెత్తును. బిందెడు నీరు మాత్రము మీరు తెచ్చి పెట్టవలెను.